మైపాడులో మనవి

"ఏంజెలిన్ రానంటోంది," అని రూతు వాకిట్లోకి వచ్చి తల్లితో చెప్పింది.

ఎలిశబెతు ఆ మాట అందుకుని మొగుడి వైపు తిరిగింది. "కోడలు మైపాడుకు రానంటోందంట."

చెయ్యి చాపితే అందేంత దూరంలో, జీపు మీద చెయ్యి వేసి నిలబడిన టైటస్ గారు ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నట్టు కనుబొమలు ఎత్తారు. "కారణం?"

"కారణం ఏందో కనుక్కో," అంది ఎలిశబెతు కూతురితో. కూతురు మళ్ళీ లోపలికి పోయింది.

ఆ ఇంట్లో మాట నడిచే పద్ధతి అది. సైన్యంలో సిపాయి మనవి నేరుగా కర్నలు గారి బల్ల మీదికి పోదట. మెట్టు తర్వాత మెట్టు ఎక్కి పోతుందట. దానికి ఛానల్ అని పేరు. టైటస్ గారు సుబేదారుగా రిటైరై యూనిఫారం విప్పేశారు గానీ, ఆ ఛానల్ని మాత్రం ట్రంకు పెట్టెలో పెట్టుకుని భద్రంగా కావలికి తెచ్చుకున్నారు. కోడలి మాట ఆడబిడ్డకు, ఆడబిడ్డ మాట అత్తకు, అత్త మాట మామకు. జవాబు అదే దారిలో దిగి వస్తుంది, భోజనం అయిపోయాక విస్తట్లో పడే అప్పడంలాగా.

ఏంజెలిన్ మంచం మీద కూర్చుని జడ వేసుకుంటోంది. వేసిన జడే మళ్ళీ విప్పి వేసుకుంటోంది. ఎదురుగా హెబ్రోను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మంచి పొడగరి. చొక్కా ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. పెళ్ళిచూపుల నాడు ఆ మడత చూసే ఆమె మురిసిపోయింది.

"కారణం అడుగుతున్నారు," అంది రూతు గుమ్మంలోంచి.

"రాత్రి అన్నం దగ్గర చెప్పిన మాటే కారణమని చెప్పండి వదినా."

రాత్రి ఏంజెలిన్ చేపల పులుసు పెట్టింది. మామిడికాయ ముక్కలు వేసి, పుట్టింట్లో ఎట్లా పెడతారో అట్లాగే. టైటస్ గారు ఒక ముద్ద తిని, "సివిల్ పులుసు" అన్నారు. ఆ ఇంట్లో అంతకు మించిన తిట్టు లేదు. సరిగ్గా మడవని దుప్పటి సివిల్. ఆలస్యంగా వచ్చే బస్సు సివిల్. నెల్లూరులో కళ్ళజోళ్ళ అంగడి నడిపే ఏంజెలిన్ నాన్న పుట్టు సివిల్. పులుసుకు ఆ పేరు పెట్టి, చెయ్యి కడుక్కుని, ఆయన తీర్పు వినిపించారు. కోడలు ఒక ఏడాది కావలిలోనే ఉండి వంటా వార్పూ, ఇంటి పద్ధతీ నేర్చుకోవాలి. హెబ్రోను సోమవారం రైలుకు ఒక్కడే పోవాలి.

హెబ్రోను తల వంచుకుని పులుసు పోసుకుని తిన్నాడు. రెండోసారి కూడా పోసుకున్నాడు.

సైన్యంలో ఫ్యామిలీ క్వార్టర్సు వంతు రావడం చిన్న సంగతి కాదు. వచ్చిన వంతు వదిలితే అది ఇంకొకరికి పోతుంది, మళ్ళీ ఎప్పటికో. ఆ క్వార్టర్సు వచ్చిందన్న కబురు పెళ్ళైన మొదటి వారంలో, సంతోషం పట్టలేక, హెబ్రోనే ఆమెకు చెప్పాడు. రెండు గదులు, వంటింటికి కిటికీ. ఆ కిటికీకి ఏ రంగు తెర కట్టాలో ఏంజెలిన్ అప్పుడే నిర్ణయించేసింది. పసుపు. పొద్దున పూట ఎండ ఆ తెరలోంచి పడితే ఉప్మా కూడా బంగారంలా ఉంటుందని నవ్వుకుంది.

రూతు పోయాక హెబ్రోను మెల్లగా అన్నాడు. "ఇవ్వాళ అడుగుతా. సముద్రం కాడ నాయన మెత్తగా ఉంటాడు."

"ఏమని అడుగుతారు?"

"నిన్ను తీసుకుపోతానని."

"అట్లాగే అంటారా? ఆ మాటే?"

"ఆ మాటే."

ఏంజెలిన్ జడకు రబ్బరు బ్యాండు బిగించి లేచింది. ఆ మాటకు మైపాడు దాకా ఏంటి, మద్రాసు దాకా నడవమన్నా నడుస్తుంది.

ప్రార్థన చేసి బయలుదేరారు. టైటస్ గారి ప్రార్థనలో వేడుకోలు ఉండదు. వాహనానికి ఏమీ కాకూడదని, వాన పడకూడదని, సాయంత్రం వెలుగు ఉండగానే ఇల్లు చేరాలని ప్రభువుకు ఉత్తర్వులు వినిపించి ఆమెన్ అంటారు. ప్రభువు ఎదురు చెప్పడు కాబట్టి ఆయన మీద టైటస్ గారికి మంచి అభిప్రాయమే ఉంది.

మిలిటరీ వాళ్ళు అమ్మేసిన పాత జీపు అది. హెబ్రోను నడిపాడు. పక్కన టైటస్ గారు. వెనక అత్త, ఆ తర్వాత రూతు, అందరికంటే చివర, వెనక తలుపు దగ్గర, నీళ్ళ క్యాను పట్టుకుని కోడలు. అది కింది ర్యాంకు వాళ్ళ చోటని రూతు మొదటి రోజే చెప్పింది. చెప్పనిదల్లా అది జీపులో అన్నిటికంటే మంచి చోటని. అల్లూరు దాటాక రోడ్డు ఆమె కాళ్ళ కిందినుంచి దారపు ఉండలా విప్పుకుంటూ పోయింది. రొయ్యల గుంటల్లో చక్రాలు తిరుగుతూ నీళ్ళను పూలలాగా ఎగజిమ్ముతున్నాయి. ఒక లకుముకిపిట్ట కరెంటు తీగ మీది నుంచి రాయిలా నీళ్ళలో పడి, చేపతో లేచింది. ఏంజెలిన్ చప్పట్లు కొట్టబోయి, క్యాను గుర్తొచ్చి ఆగింది.

"ఏం చూసినావు?" అంది రూతు.

"పిట్ట."

"పిట్టంట," అని రూతు తల్లితో అంది. తల్లి నిట్టూర్చింది. అదృష్టవశాత్తూ ఆ నిట్టూర్పు ముందు సీటు దాకా పోలేదు.

పెళ్ళైనప్పటి నుంచి హెబ్రోను సెలవులో ఇట్లాంటి షికార్లు చాలా అయ్యాయి. టైటస్ గారు వాటిని షికార్లు అనరు, ఎక్సర్‌సైజు అంటారు. నేలపట్టు పక్షుల చెరువు దగ్గర గూడబాతుల పిల్లలు తల్లుల గొంతు సంచుల్లోకి తలలు దూర్చి తింటుంటే ఏంజెలిన్‌కు నవ్వాగలేదు. టైటస్ గారు ఆ పక్షుల వైపు చూడనే లేదు, చూడటానికి కట్టిన బురుజు ఎత్తు ఎంత ఉంటుందని తలకాయ పగలగొట్టుకున్నారు. ఉదయగిరి కోట మీదికి మిట్టమధ్యాహ్నం ఎక్కించి, శత్రువు కిందినుంచి వస్తే కోటను ఎట్లా కాపాడతావని కోడల్ని అడిగించారు, ఛానల్ ప్రకారమే. "ఇంత ఎండలో ఎక్కి వస్తే పాపం, మజ్జిగ ఇచ్చి పంపిస్తా," అని ఆమె పంపిన జవాబు పైకి చేరేసరికి మజ్జిగ పులిసిపోయింది. ఆ రోజు ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. రాజులు కట్టిన కోటలోకి పోయి గోడ మందం తప్ప ఏమీ చూడలేని మనిషి తనను గుడ్డిదన్నట్టు చూస్తుంటే, ఏంజెలిన్‌కు కోపం రాలేదు. జాలి కూడా రాలేదు. పెదవి కొస ఒకటి కాస్త వంకరపోయింది, అంతే.

మైపాడులో ట్రాక్టరు ఒకటి తాడు కట్టి పడవను ఇసుక మీదికి లాగుతోంది. వలల్లోంచి చేపలు దులుపుతున్న ఆడవాళ్ళు అరుచుకుంటూ నవ్వుకుంటున్నారు. టైటస్ గారు సరుగుడు చెట్ల నీడలో చాప వేయించి, ఉడకబెట్టిన శనగకాయలు అమ్మే ముసలాయన్ని పిలిచి, శనగకాయలు కొనకముందే తన కొడుకు సంగతి చెప్పారు. ఇన్‌స్ట్రక్టరు. కొత్తగా చేరిన కుర్రాళ్ళకు తుపాకి పట్టుకోవడం నేర్పిస్తాడు. వాడి చేతి కింద తయారైనవాళ్ళు ఇవ్వాళ బోర్డరు మీద ఉన్నారు.

"కాయలు వేడిగా ఉండాయి సారూ," అన్నాడు ముసలాయన.

హెబ్రోను అంతసేపూ సముద్రాన్నే చూస్తూ కూర్చున్నాడు. పొగడ్తలకు సిగ్గు పడుతున్నాడని ఏంజెలిన్ అనుకుంది. కోడి పలావు విస్తళ్ళలోకి వచ్చాక, ఆమె మోకాలితో అతన్ని మెల్లగా పొడిచింది.

హెబ్రోను గొంతు సవరించుకున్నాడు. నాన్న ఎదురుగానే ఉన్నాడు. ఇద్దరి విస్తళ్ళూ దాదాపు తగులుతున్నాయి. హెబ్రోను పక్కకు తిరిగాడు.

"అక్కా, నాయనకు ఒక మాట."

ఏంజెలిన్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఏందిరా?"

"క్వార్టర్సు ఇచ్చినారు గదా. ఏంజెలిన్‌ను తీసుకుపోతే ఎట్టుంటదో అని."

తీసుకుపోతాననలేదు. తీసుకుపోతే ఎట్టుంటదో అన్నాడు. పొద్దున గదిలో ఉన్న మాట మైపాడు చేరేసరికి నడుము విరిగింది.

రూతు ఎముక ఒకటి ఏరి పక్కన పెట్టింది. ఆమె భర్త కూడా మిలిటరీయే, ఎక్కడో ఉత్తరాన. పెళ్ళైనప్పటి నుంచీ ఆమె పుట్టింట్లోనే ఉంది. తనను తీసుకుపోమని భర్తకు చెప్పండని ఎన్నడో ఒక మనవి పైకి పంపిందట. అది తల్లి దగ్గర ఆగి, ఇప్పటికీ అక్కడే ఉంది. అందుకేనేమో, తమ్ముడి మాటను తల్లికి అందించేటప్పుడు ఆమె గొంతులో ఇసుక గరగరలాడింది.

"అమ్మా, వీడు పెళ్ళాన్ని విడిచి ఉండలేడంట. మా ఆయనకు లేని బెంగ వీడికి పుట్టుకొచ్చింది."

ఎలిశబెతు మొగుడి విస్తట్లో ఇంకో గరిట పలావు వేసి, "రాత్రి మీరు చెప్పిన మాట ఖాయమేనా అని పిల్లోడు అడుగుతా ఉండాడు," అంది.

టైటస్ గారు నమిలారు. మింగారు. సముద్రం వైపు చూశారు.

"ఖాయం."

"ఖాయమంట."

"ఖాయమంటరా."

"సరే," అన్నాడు హెబ్రోను.

అని, కోడికాలు అందుకున్నాడు. ఏంజెలిన్ అతని ముఖంలోకి చూసింది. అక్కడ బాధ ఉంటుందనుకుంది, కనీసం సిగ్గు. ఉన్నది రెండూ కాదు. పరీక్ష వాయిదా పడిందని తెలిసిన కాలేజీ కుర్రాడి ముఖం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

ఆమె ముద్దను విస్తట్లో పెట్టేసింది.

"మామయ్యా, ఆ మాట నాకు చెప్పండి."

ఎలిశబెతు చేతిలో గరిట ఆగిపోయింది. టైటస్ గారు అలవాటు కొద్దీ భార్య వైపు తిరిగి, ఏమంటోందని అడిగారు. తనకు చెప్పమంటోందని భార్య అంది. వినపడిందన్నారు ఆయన.

"వినపడితే చెప్పండి. నేను వండేది ఈయనకు. తినేది ఈయన. రాత్రి రెండుసార్లు పోసుకుని తిన్నారు. మధ్యలో మీకేం అభ్యంతరం?"

"మేయ్, ఎవురితో మాట్లాడతా ఉండావు?" అంది ఎలిశబెతు.

టైటస్ గారు చెయ్యెత్తి భార్యను ఆపారు. కోడలి వైపు మొదటిసారి సూటిగా చూశారు. ఆయన కళ్ళలో కోపం లేదు. చెడిపోయిన సామాను చూసినప్పటి చూపు ఉంది, కానీ అది ఆమె మీద కాదు, ఆమె పక్కన కూర్చున్న కొడుకు మీద.

"పులుసు బాగలేదని క్వార్టర్సు వదులుకోమనే పిచ్చోడినా నేను? దొరికిన క్వార్టర్సు ఏ సిపాయన్నా వదులుకుంటాడా? వద్దన్నది వాడు. మొన్న పొద్దున నేను మొక్కలకు నీళ్ళు పోస్తా ఉంటే వచ్చినాడు. ఏంజెలిన్ ఈడే ఉండాలని నువ్వు చెప్పు నాయనా, నేను చెప్తే ఏడుస్తుంది అన్నాడు. చెప్పినాను. పెళ్ళాం మొగం చూసి ఒక మాట చెప్పలేక, ముసలి నాయన వెనకాల దాక్కున్నాడు నా కొడుకు."

ట్రాక్టరు ఆగిపోయింది. అలల చప్పుడు పెద్దదైంది.

"మొన్ననా?" అంది ఎలిశబెతు. "నాతో అనకుండా నేరుగా మీ దగ్గరికే వచ్చినాడా?"

ఆమెకు తగిలిన దెబ్బ అది. కోడలి కాపురం సంగతి కాదు, ఛానల్లో తన మెట్టు దాటిపోయారని. ఇంకో రోజైతే ఏంజెలిన్ ఆ ముఖం తలుచుకుని వారం రోజులు నవ్వుకునేది. ఇప్పుడు లేచి, చెయ్యి కూడా కడుక్కోకుండా, నీళ్ళ వైపు నడిచింది.

హెబ్రోను వెనకాలే వచ్చాడు. తడి ఇసుకలో చిన్న చిన్న పీతలు అడుగుల చప్పుడుకు బొక్కల్లోకి జారిపోతున్నాయి. ఏంజెలిన్ వాటిని చూస్తూ నిలబడింది. అవి బాగున్నాయి. అటువంటి పూట కూడా అవి బాగున్నాయి.

"ఎవరన్నా ఉన్నారా అక్కడ?" అంది.

"ఛ. ఏం మాటలవి?"

"మరి?"

అతను వెనక్కి తిరిగి చాప వైపు చూశాడు. "ఎవురికీ చెప్పనని మాటియ్యి."

"ఇవ్వను. చెప్పండి."

హెబ్రోను ప్యాంటు మడత పైకి లాక్కున్నాడు, అల రాకపోయినా. "పోయినేడు మోకాలు బెణికింది. కట్టు కట్టినారు, తగ్గింది గానీ పరుగు పనికి పనికిరానన్నారు. ఆఫీసర్ల మెస్సులో వేసినారు. వంటింట్లో."

"వంటింట్లో ఏం చేస్తారు?"

"వంట." కాలితో ఇసుక గీకి, "కస్టర్డు బాగా చేస్తానని అందరూ అంటారు," అన్నాడు.

ఏంజెలిన్‌కు నవ్వొచ్చింది. నిజంగా, కడుపులోంచి వచ్చింది. ఇంత పొడుగు మనిషి గరిట పట్టుకుని కస్టర్డు కలుపుతుంటే ఎంత ముద్దుగా ఉంటాడో అనుకుంది. ఇదా సంగతి, దీనికా ఇంత, అని అతని చెయ్యి పట్టుకోబోయింది.

అంతలో రాత్రి అన్నం దగ్గరి వరస గుర్తొచ్చింది. ఆ చెయ్యి మధ్యలోనే కిందికి దిగింది.

"నీకు వంట వచ్చు," అంది. ఇంతకాలం అతన్ని మీరు అంటూ వచ్చిన సంగతి ఆమెకు గుర్తు లేదు. "పులుసు బాగుందో లేదో ఆ ఇంట్లో తెలిసినవాడివి నువ్వొక్కడివే. మీ నాన్న సివిల్ అన్నారు, మీ అమ్మ మూతి తిప్పింది, మీ అక్క నవ్వింది. నువ్వు తల వంచుకుని రెండుసార్లు పోసుకున్నావు."

"బాగుంది గాబట్టే గదా పోసుకున్నా."

"అది నోటితో అనడానికి ఏమొచ్చింది?"

"అంటే నాయన అడగడా, నీకు వంట సంగతి ఏం తెలుసురా అని?" హెబ్రోను గొంతు దాదాపు ఏడుపులా ఉంది. "నువ్వు ఆడికొస్తే అన్నీ చూస్తావు. నేను తలకు గుడ్డ కట్టుకుని పొయ్యి కాడ నిలబడటం చూస్తావు. ఊరికొచ్చినప్పుడు ఒక మాట జారితే నాయనకు తెలుస్తుంది. ఆయన ఊరంతా ఏం చెప్పుకున్నాడో నీకు తెలుసు గదా."

దీనికోసం ఆమెను ఏడాది పాటు ఆ జీపులో చివరి చోట కూర్చోబెట్టదలుచుకున్నాడు. కస్టర్డు కోసం.

ఏంజెలిన్ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. ఇస్త్రీ మడత ఇంకా చెదరలేదు.

వెనక ఇసుక కరకరలాడింది. టైటస్ గారు వస్తున్నారు, ఒక్కరే, చేతులు వెనక్కి కట్టుకుని. చాప మీద నుంచి ఎలిశబెతు, రూతు మెడలు సాచి చూస్తున్నారు. హెబ్రోను ఏంజెలిన్ వైపు తిరిగాడు. చెప్పొద్దని కళ్ళతోనే బతిమాలుతున్నాడు.

టైటస్ గారు కొడుకుతో మాట్లాడలేదు. కోడలి ముందు ఆగారు. భార్య లేదు మధ్యలో, కూతురు లేదు.

"ఏమంటాడు వాడు?"

చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాటతో సుబేదారు గారి మీసం వాలిపోతుంది, శనగకాయల ముసలాయన దగ్గర్నుంచి కావలి చర్చి దాకా చెప్పుకున్న గొప్పలన్నీ ఈ ఇసుకలో ఇంకిపోతాయి. ఆ మాట ఏంజెలిన్ నాలుక చివర తియ్యగా ఊరింది.

ఆమె దాన్ని మింగింది.

"మనసు మార్చుకున్నారంట మామయ్యా," అంది. "సోమవారం నన్ను కూడా తీసుకుపోతానంటున్నారు."

హెబ్రోను నోరు తెరుచుకుంది.

టైటస్ గారు ఇప్పుడు కొడుకు వైపు తిరిగారు. "నిజమా?"

హెబ్రోను నాన్నను చూశాడు, ఆ తర్వాత ఏంజెలిన్‌ను. ఆమె కనుబొమ కూడా కదపలేదు. ఏ మాట ఎప్పుడు చెప్పగలదో అతనికి అర్థమయ్యేంత సేపు ఊరికే నిలబడింది.

హెబ్రోను మడమలు దగ్గరికొచ్చాయి. వీపు నిటారైంది. చూపు ఎవరి మీదా నిలవకుండా ఎదుటి సముద్రం మీదికి పోయింది.

"నిజమే," అన్నాడు.

రెండు గదులు, వంటింటికి కిటికీ. కోరుకున్నది చేతికొచ్చింది. టైటస్ గారు తలాడించి వెనక్కి తిరిగారు. హెబ్రోను మాత్రం అట్లాగే నిలబడి ఉన్నాడు. కదలమని తను చెప్పేదాకా కదలడని ఏంజెలిన్‌కు అప్పుడు తెలిసింది.

ఆమె కదలమనీ చెప్పకుండా, అతని వైపు చూడకుండా, పీతల బొక్కల పక్కనుంచి నడుచుకుంటూ పోయింది.